వెర్నన్ పాతిన కర్రలు

శీతాకాలం నుంచీ వెర్నన్ నా మొహం వైపు కాకుండా నా చెవి వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. మొదట్లో నా మీద ఏదో అలక అనుకున్నాను. తర్వాత ఒకరోజు టీ పోస్తూ, కెటిల్ మూతిని కప్పు అంచుకి తాకించి, చప్పుడు విని పోయడం చూశాను. పేపరు చదవడం మానేశాడు. "అన్నీ పాడు వార్తలే, ఎవడు చదువుతాడు?" అన్నాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "అద్దాలు తుడిస్తే సరిపోతుంది" అని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి నిజం చెబుతున్నాడో లేదో కళ్లు చూసి కనిపెట్టడం నాకు అలవాటు. ఇప్పుడా కళ్లు నా చెవి దగ్గరే ఆగిపోతున్నాయి.

ఏప్రిల్లో నాకు మోకాలి ఆపరేషన్ అయింది. సరిగ్గా అప్పుడే థ్రిఫ్ట్ పాయలో కర్రలు పాతే సమయం వచ్చింది.

మా ఎసెక్స్ తీరంలో ఇలాంటి ఉప్పుపాయలు బోలెడున్నాయి. పోటు మీద నిండుగా ఉంటాయి, ఆటుకి బురదగా మారిపోతాయి. ఆ బురద కింద అసలు దారి ఎక్కడుందో ఏ మ్యాపూ చెప్పలేదు, ఎందుకంటే ప్రతి చలికాలం తుఫానులకి అది పక్కకి జరుగుతూనే ఉంటుంది. అందుకని ఏటా వసంతంలో నీళ్లు తీసినప్పుడు ఒకరు బురదలో కూరుకుపోకుండా కాళ్లకి వెడల్పాటి చెక్కలు కట్టుకుని దిగి, లోతు అంచు వెంబడి పొడవాటి కర్రలు పాతాలి. లోపలికి వచ్చే పడవలు ఆ కర్రల్ని ఎడమచేతి వైపు ఉంచుకుని వస్తాయి. అంతే నియమం. ఈ పని ఏ ఆఫీసూ ఇచ్చేది కాదు. పాయ చివర ఉన్న హెరాన్ పబ్బులో కూర్చునేవాళ్లు ఎవరిని నమ్మితే వాళ్లకి ఇస్తారు. ఇరవై ఏళ్లుగా వెర్నన్‌ని నమ్ముతున్నారు. ఏటా కర్రలు అందించడానికి నేను వెంట ఉండేదాన్ని. ఈ ఏడు ఒక్కడే వెళ్లి పాతొచ్చాడు.

మే నెల సగం గడిచాక ఒక శుక్రవారం, పోటు ఎక్కుతుండగా మా చిన్న పడవలో హెరాన్‌కి బయలుదేరాం. గాలి మెల్లగా ఉంది. వెనక చుక్కాని దగ్గర వెర్నన్, ముందు గడ పట్టుకుని నేను. అడుగుకో ఎర్రగీత గీసిన గడ అది. దించుతూ, తీస్తూ, లోతు చెప్పాలి.

"నాలుగు... నాలుగు... మూడున్నర."

"కర్రలు కనిపిస్తున్నాయిగా?" అన్నాడు.

"నాకు కనిపిస్తున్నాయి. నీకు?"

"అడిగిందానికి జవాబు చెప్పు."

"ఎడమ పక్కనే ఉన్నాయి. కొంచెం కుడికి తిప్పు."

వంపు దగ్గరికి వచ్చేసరికి గడ ఠక్కున ఆగింది.

"రెండు."

"ఎంత?"

"రెండు, వెర్న్. ఒకటిన్నర!"

పడవ కింద బురద బరబరా రాసుకుంది. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే ఇనుప పలకని వెర్నన్ పైకి లాగేశాడు. మాది తేలికైన పడవ కాబట్టి, ఒక్క క్షణం ఆగి, జారుకుంటూ దాటేసింది. దాటుతూ నేను గడని ఎడమకి, కర్రలకి అవతల దించాను. మొత్తం గడ దిగిపోయింది, మణికట్టు దాకా చెయ్యి తడిసింది, అడుగు తగల్లేదు.

"లోతు కర్రలకి అవతల పక్కనుంది," అన్నాను.

"గడ సరిగ్గా పట్టుకో ముందు. ఆస్పత్రిలో పడుకుని కొలవడం మర్చిపోయావు."

నేను మళ్లీ గడ దించాను. ముందు కూర్చున్నవాళ్లకి ఉన్న సౌకర్యం ఒకటే, మొహం ఎవరికీ కనిపించదు.

హెరాన్ లోపల పొయ్యి మండుతోంది. మే నెలైనా సరే, పబ్బు యజమానురాలు మార్జ్ దాన్ని ఆర్పదు. డెనిస్ ఎప్పటిలా కిటికీ పక్క బల్ల దగ్గర ఉన్నాడు. వెర్నన్ ఈడువాడే. జన్మంతా ఆల్చిప్పలు పట్టి, ఇప్పుడు పట్టేవాళ్ల మీద జోకులు వేస్తుంటాడు.

"రండి రండి, కెప్టెన్‌గారూ!" అన్నాడు. "ఏం బెరిల్, కొత్త మోకాలెలా ఉంది? డాన్సు చేస్తావా?"

"నీతో అయితే పాత మోకాలే సరిపోతుంది," అన్నాను.

మార్జ్ నవ్వుతూ రెండు పైంట్ల బీరు తెచ్చి పెట్టింది. వెర్నన్ చెయ్యి చాపింది గ్లాసుకి కాస్త ఇవతల. నేను నా గ్లాసు తీసుకుంటున్నట్టే వంగి, అతని గ్లాసుని వేళ్ల మధ్యకి నెట్టాను. ఈ పని నేను ఎన్నాళ్లుగా చేస్తున్నానో అప్పుడే నాకు తెలిసొచ్చింది. ఇంట్లో ఉప్పుడబ్బా, తలుపు గడియ, చెప్పులు, అన్నీ నేనే చేతికి అందేలా జరుపుతున్నాను.

"పోయిన వారం ఒక మహానుభావుడొచ్చాడు," అంది మార్జ్. "వంపు దగ్గర బురదలో ఆగిపోయాట్ట. కర్రలు తప్పు చోట ఉన్నాయంటాడు! నా పబ్బులో కూర్చుని వెర్నన్ కర్రల్ని తప్పంటావా, వేరే పబ్బు చూసుకో నాయనా, అన్నాను."

"ఆయన కర్రలు మన చర్చి ఫాదరు కంటే నిటారుగా ఉంటాయి," అన్నాడు డెనిస్. "ఫాదరు సాయంత్రమైతే కాస్త వంగుతాడు కూడా."

అందరూ నవ్వారు. వెర్నన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను. లోపల ఏదో కదిలి, వెంటనే అణిగిపోయిన నవ్వు.

"రేపటి విందుకి ఎన్ని పడవలొస్తున్నాయి?" అడిగాను.

"ఏడో ఎనిమిదో," అంది మార్జ్. "పున్నమి పోటు కదా, ఇంత నీళ్లు మళ్లీ దొరకవు. ఈల్ చేపలు రెండు బకెట్లు తెప్పించాను. కోలిన్, టెస్సా కూడా వస్తున్నారు బంగారం, పసిపిల్లతో. వాళ్లు కొత్త పడవ కొన్నారుగా, పెద్దది, అడుగు నీళ్లలోకి బాగా లోతుగా దిగేది."

నా నోట్లో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. పున్నమి పోటు నిండా ఉన్నప్పుడు బురదెక్కిన పడవ, మర్నాటి నుంచి పోటు తగ్గుతూ పోతుంది కాబట్టి, మళ్లీ అమావాస్య దాకా కదలదు. అది నవ్వుకునే కష్టం. కానీ ఆ వంపు దగ్గర బురద పక్కనే గోడలా లోతుంది. అలా అడుగు లోతుగా దిగే పడవ ఆ అంచు మీద ఆగితే, నీళ్లు తీస్తున్నకొద్దీ లోతు వైపుకి పడిపోతుంది. రాత్రి పోటు వచ్చినప్పుడు అది లేవకముందే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. లోపల పసిపిల్ల నిద్రపోతూ ఉంటుంది.

ఇది మా వాళ్లలో ఎవరికైనా తెలుసు. వెర్నన్‌కి అందరికంటే ఎక్కువ తెలుసు.

మధ్యాహ్నం పోటు వెళ్లిపోయింది. పబ్బు పక్కన మా పడవ బురదలో బల్లపరుపుగా కూర్చుంది. క్యాబిన్‌లో ఉల్లిపాయలు తరుగుతూ అన్నాను:

"వంపు దగ్గర కర్రలు తప్పు, వెర్న్."

"కాదు."

"గడ మొత్తం దిగింది అవతల."

"ఏదో గొయ్యి అయ్యుంటుంది."

"అయితే వచ్చి చూడు. నీళ్లు తీసున్నాయి, వెలుతురుంది."

రాననడానికి కారణం దొరకలేదు. టోపీ పెట్టుకున్నాడు. కరకట్ట మీద నడుస్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు, నా మోకాలికి సాయంగా అన్నట్టు. ఎవరు ఎవరికి సాయమో ఇద్దరం మాట్లాడుకోలేదు.

వంపు దగ్గర సంగతి పిల్లవాడికైనా తెలిసిపోయేలా ఉంది. చలికాలపు తుఫాను ఉప్పుగడ్డి మేటలో ఒక ముక్కని తినేసింది. నీళ్లు పాత వంపు తిరగడం మాని, అడ్డంగా కోసుకుని కొత్త దారి పట్టాయి. వెర్నన్ పాతిన ఆరు కర్రలూ బురద గట్టు నెత్తిన దడిలా నిలబడి ఉన్నాయి. వాటి చుట్టూ పక్షులు పురుగులు ఏరుకుంటూ తిరుగుతున్నాయి. అసలు నీళ్లు వాటికి అవతల, గట్టు కింద పారుతున్నాయి.

వెర్నన్ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. అతనే చెబుతాడని ఎదురుచూశాను.

"బాగానే ఉన్నాయిగా," అన్నాడు. "నీళ్ల అంచునే ఉన్నాయి."

సాయంత్రపు ఎండకి తడి బురద తళతళలాడుతోంది. ఏది బురదో ఏది నీళ్లో అతనికి తేడా లేదు. ఏప్రిల్లో కూడా ఇలాగే నిలబడి, కనిపించకపోయినా, గుర్తున్న చోటే పాతేసి ఉంటాడు.

నేను పడవలోంచి తెచ్చిన చెక్కలు కాళ్లకి కట్టుకుని బురదలోకి దిగాను. డాక్టరు చూస్తే తిట్టేవాడు. మొదటి కర్ర ఊడబెరికేసరికి ఒళ్లంతా చెమట పట్టింది. నా పసుపుపచ్చ వానకోటు విప్పి రెండో కర్రకి తగిలించి, ఊడిన కర్రని ఈడ్చుకుంటూ కొత్త అంచుకి వెళ్లాను.

"బెరిల్!" కరకట్ట మీద నుంచి పిలిచాడు. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నాడు. "మొండిపట్టు పట్టకు. మోకాలు పాడైపోతుంది. నా మాట విని పైకి రా అమ్మాయ్. అలా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడితే నేనేమనుకోవాలి?"

నేను తిరిగి చూశాను. అతను మాట్లాడుతున్నది కోటు తొడుక్కున్న కర్రతో.

జవాబు చెప్పకుండా ఉండాలనిపించింది. ఆ కర్రే నేననుకుని కాసేపు మాట్లాడుకోనీ అనిపించింది. కానీ అతను కరకట్ట మెట్లు దిగడానికి కాలు ముందుకి చాపాడు.

"ఇటున్నాను, వెర్న్."

చాపిన కాలు గాల్లోనే ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుని, గడ్డి మీద కూర్చున్నాడు. నేను వెళ్లి మెట్ల కింద నిలబడ్డాను.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"క్రిస్మస్ నుంచి."

"నాకు అంతకు ముందు నుంచి. మధ్యలో ఒక మరక. ఎటు చూస్తే అటు వచ్చి కూర్చుంటుంది. చుట్టూ కనిపిస్తుంది, చూడాలనుకున్నదే కనిపించదు."

"డాక్టరు దగ్గరికి పోదాం."

"వెళ్లొచ్చా. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, బస్సెక్కి. ఇంకా పెరుగుతుందన్నాడు. తగ్గేది కాదన్నాడు."

నా మంచం పక్కన కూర్చుని ద్రాక్షపళ్లు ఒలిచిపెట్టిన రోజులవి. ఆ రోజుల్లో ఒకనాడు ఈ మాట జేబులో వేసుకుని వచ్చి, నా దిండు సర్ది, వాతావరణం గురించి మాట్లాడి వెళ్లాడు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ బురదలో నిలబడి, చేతిలో కర్రతో, ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"ఈ ఒక్క వేసవి, బెరిల్," అన్నాడు. "పబ్బులో ఏమీ అనకు. నువ్వు ముందు కూర్చుని చెబితే నేను నడిపేస్తాను. ఇవాళ నడపలేదూ? ఎవరికీ తెలియదు. ఒక్క వేసవి."

నేను సరేననలేదు. కాదనీ అనలేదు. వెలుతురు తగ్గకముందే మిగిలిన కర్రలు మార్చాలి. ఆరింటినీ కొత్త అంచు వెంబడి పాతి పైకి వచ్చేసరికి, అతను నా చెక్కల ముడులు తడిమి విప్పాడు, గడ్డితో నా కాళ్ల బురద తుడిచాడు. నేను మాట్లాడకపోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడని ఆ చేతుల్లో తెలిసింది.

శనివారం పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను కరకట్ట మీద నిలబడి చూశాను. కోలిన్ పెద్ద పడవ వంపు దగ్గర కర్రల్ని దాదాపు రాసుకుంటూ, మెత్తగా వంపు తిరిగింది. టెస్సా ఒళ్లో పాప, దాని నెత్తిన గళ్ల టోపీ.

పబ్బు నిండిపోయింది. ఉడికించిన ఈల్ చేపలు, మిరియాల వాసన, తడి చొక్కాల వాసన. ఏటా ఈ రోజున కర్రలు పాతినవాడికి మార్జ్ మొదటి పైంటు తనే తెచ్చిచ్చి, అందరిచేతా గ్లాసులు ఎత్తిస్తుంది.

"పోయిన వారం వాడెవడో ఇవాళ ఉంటే బాగుండేది," అంది. "వెర్నన్‌కి!"

"వెర్నన్‌కి!" అన్నారందరూ.

వెర్నన్ లేచి, టోపీ తీసి, కిటికీ వైపు తల వంచాడు. నా వైపు తిరగలేదు. నేను గ్లాసు ఎత్తాను, తాగలేదు.

కోలిన్ పాపని భుజాన వేసుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. "వెర్నన్‌గారూ, ఒక సాయం అడగొచ్చా? రేపు బయట ఇసుకమేటల మధ్య సన్నదారిలోంచి పక్క నదికి వెళ్దామనుకుంటున్నాం. నాకా దారి తెలీదు. ఇంత పెద్ద పడవ, పైగా ఈ పసిది ఒకతి. మీరు వచ్చి చుక్కాని పట్టుకుంటే..."

"సన్నదారా?" వెర్నన్ మొహం వెలిగిపోయింది. "దానికేముందయ్యా, కళ్లు మూసుకుని తీసుకెళ్తా."

బల్ల కింద నా కాలితో అతని కాలు తాకాను. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఇవాళ ఈ పోటుకే మనం ఇంటికెళ్లాలి, వెర్న్," అన్నాను. "నా మోకాలు వాచింది."

"అయితే నువ్వు మార్జ్ దగ్గర ఉండు. సోమవారానికి వచ్చి తీసుకెళ్తా."

"నేను లేకుండా వెళ్తావా?"

"చూశావా," అన్నాడు డెనిస్, "కొత్త మోకాలొచ్చాక కూడా మొగుణ్ణి కాపలా కాయాల్సిందే."

వెర్నన్ పెద్దగా నవ్వాడు. టెస్సా "చాలా థాంక్స్ అండీ, నాకిప్పటికి ధైర్యమొచ్చింది" అంది. పాప చెయ్యి చాపి వెర్నన్ టోపీ అంచు లాగింది. అతను పాప వైపు తిరిగి, పాప పక్కన ఉన్న ఖాళీ వైపు చూసి నవ్వాడు. అతను వెనక్కి తగ్గుతాడేమోనని ఇంకొక్క క్షణం చూశాను. కోలిన్ అప్పటికే బయలుదేరే వేళ గురించి మాట్లాడుతున్నాడు.

"వెర్నన్‌కి కళ్లు కనిపించవు," అన్నాను.

గట్టిగా అన్లేదు. కానీ పక్క బల్లల వాళ్లు తిరిగారు.

"మా ఆవిడ మందులు ఎక్కువ మింగినట్టుంది," అన్నాడు వెర్నన్. ఎవరూ నవ్వలేదు. డెనిస్ కూడా నవ్వలేదు. దానితో వెర్నన్ గొంతు పెరిగింది. "కనిపించకపోతే మీరంతా ఇవాళ ఇక్కడికెలా వచ్చారు? ఆ కర్రలు ఎవడు పాతాడు?"

అక్కడితో ఆగిపోయి ఉంటే, నేను కూడా ఆగిపోయేదాన్ని. ఆ ఒక్కటీ అతనికి వదిలేద్దామనుకున్నాను. కానీ కోలిన్ మొహంలో సందేహం అతని వైపుకే మొగ్గుతోంది. ఆ వయసువాడికి ఎదురుగా ఇరవై ఏళ్ల పేరున్న మనిషి, పక్కన ఏదో గొణిగే పెళ్లాం. ఎవరి మాట నమ్ముతాడు?

"వంపు దగ్గరవి నిన్న సాయంత్రం నేను పాతాను," అన్నాను. "ఆయన వాటిని బురద గట్టు మీద పాతాడు. ఆ గుంటలు ఇంకా ఉంటాయి, నీళ్లు తీశాక వెళ్లి చూసుకోండి."

మార్జ్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. వెర్నన్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. తలుపు వైపు నడిచాడు. దారిలో ఒక స్టూలు ఉంది. దాన్ని తీయడానికి నేను లేవలేదు, నా ఒళ్లు లేవబోయింది కానీ నేనే ఆపుకున్నాను. అతను దాన్ని తన్నుకుని, పట్టు దొరకబుచ్చుకుని, బయటికి వెళ్లాడు. ఆ గదిలో ఇక ఎవరికీ ఏ రుజువూ అక్కర్లేకపోయింది.

"అయ్యో, బంగారం," అంది మార్జ్. టెస్సా పాపని దగ్గరికి తీసుకుంది. డెనిస్ బల్ల వైపు చూస్తూ, "నిన్న గ్లాసు నువ్వు నెట్టడం చూశాను," అన్నాడు. "ఏదో మురిపెం అనుకున్నాను."

వెర్నన్ బయట గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను, కాస్త ఎడంగా. ఎదురుగా మా పడవ నిండు నీళ్లలో తేలుతోంది. పోటు తిరిగింది. లంగరు తాళ్ల దగ్గర నీళ్లు సముద్రం వైపు లాగడం మొదలుపెట్టాయి. ఇక బయలుదేరాలి, లేకపోతే పడవ మళ్లీ బురదలో కూర్చుంటుంది. ఇన్నేళ్లలో వెర్నన్ ఒక్క పోటు కూడా వదులుకోలేదు. అన్నం సగంలో ఉన్నా లేచేవాడు.

"అందరిముందూ అనాలా?" అన్నాడు.

"నిన్నొక్కణ్ణీ అడిగినప్పుడు ఒక్క వేసవి అన్నావు. ఇవాళ పసిపిల్లని ఎక్కించుకుంటానన్నావు."

"ఆ ఇసుకమేటలు నాకు తెలుసు."

"వంపు కూడా తెలుసనుకున్నావు."

అతను చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆ చేతుల్లో బురద గీతలు, నిన్న నా కాళ్లు తుడిచినప్పటివి, ఇంకా గోళ్లలో ఉన్నాయి. నేను తప్పు చేశానని అనుకోవడం లేదు. అయినా గెలిచినట్టు లేదు. మా ఇంట్లో ఏదో వస్తువుని నేనే చేజేతులా విరగ్గొట్టి, ముక్కలు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నట్టుంది.

పడవలు ఒక్కొక్కటీ తాళ్లు విప్పుకుని వెళ్లాయి. కోలిన్ వెళ్తూ చెయ్యి ఊపాడు. వెర్నన్ ఊపలేదు, చూడలేదు కాబట్టి. నేను ఊపాను. మా పడవ పక్కన బురద అంచు బయటపడింది. ఇప్పుడు తోస్తే ఇంకా కదులుతుంది. నేను లేవలేదు. అతను లేస్తాడేమోనని భయపడ్డాను, లేవడేమోనని కూడా భయపడ్డాను.

పడవ అడుగు బురదకి తాకిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"ఇక్కణ్ణుంచి ఊళ్లోకి బస్సు ఎన్నింటికి?" అన్నాడు వెర్నన్.

ఆ పబ్బుకి మేమెప్పుడూ నీటి దారిన తప్ప రాలేదు. ఆ వెనక రోడ్డుకి బస్సు వస్తుందో రాదో కూడా నాకు తెలీదు.

"అడిగొస్తాను," అని, మార్జ్‌ని అడగడానికి లోపలికి వెళ్లాను.